లండన్ కన్నా పాత ఊరు మన కృష్ణ ఒడ్డునే ఉంది

మైలవరం నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు టాపిక్ లండన్. కానీ మన కృష్ణ ఒడ్డు నుంచే మొదలుపెడదాం.

లండన్‌ని థేమ్స్ నది మీద రోమన్లు కట్టారు, సుమారు క్రీ.శ. 50లో. పడవలు లోపలిదాకా వస్తాయి, వంతెన వేసుకోవచ్చు, అందుకే ఆ చోటు. మరి మన ధాన్యకటకం? అదే, అమరావతి పక్కన ధరణికోట. అక్కడి స్తూపం క్రీస్తుకు ముందే మొదలైంది. అక్కడా లెక్క ఒకటే: నది, పడవలు, వ్యాపారం. తర్వాత శాతవాహనుల రాజధాని అయింది.

ఇప్పుడు 1790ల్లోకి వద్దాం. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు తెలుసు కదా? బేతవోలుకి తండ్రి పేరు పెట్టి జగ్గయ్యపేట చేసింది ఆయనే. ఆయన చింతపల్లి వదిలి అమరావతిని రాజధాని చేసుకున్నారు. కొత్త ఊరు కట్టాలంటే ఇటుక కావాలి, రాయి కావాలి. పక్కనే దీపాలదిన్నె అనే దిబ్బ ఉంది, తవ్వారు. అది దిబ్బ కాదు, స్తూపం!

విషయం తెలిసి కల్నల్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ మధ్యలో చెరువు ఉంది. అప్పుడు మిగిలిన శిల్పాలకి బొమ్మలు గీయించాడు. ఇవాళ మనకి ఆ స్తూపం గురించి తెలిసినదాంట్లో చాలా భాగం ఆ బొమ్మల వల్లే. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించిన రాళ్ళు మద్రాసు చేరాయి. 1859లో ఓడెక్కి లండన్ వెళ్ళాయి. 1880 నుంచి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, వందకు పైగా. వాళ్ళు 'మార్బుల్స్' అన్నారు గానీ అది పాలరాయి కాదు, మన సున్నపురాయి.

తెల్లోళ్ళు పట్టుకుపోయారని కోపం రావడం న్యాయమే. కానీ వాళ్ళు రాకముందే సగం స్తూపం మన గోడల్లోకి వెళ్ళిపోయింది. రెండూ నిజాలే. ఒకటి చెప్పి ఇంకోటి దాచకూడదు.

జగ్గయ్యపేటలోనూ ఇదే కథ. ధనంబోడు స్తూపాన్ని 1882లో బర్జెస్ తవ్వించాడు. అక్కడి చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. స్తూపం మాత్రం ఇక్కడే ఉంది.

2015లో అమరావతిలో మళ్ళీ రాజధానికి శంకుస్థాపన చేశారు. మళ్ళీ తవ్వకాలు, మళ్ళీ కట్టడాలు. అందుకే ఒక్కమాట. మీ పొలంలోనో, ఇంటి పునాదిలోనో చెక్కిన రాయి బయటపడితే పగలగొట్టకండి, జరపకండి. ఫోన్‌లో ఫొటో తీసి తహసీల్దారు ఆఫీసులో చెప్పండి. మెకంజీకి బొమ్మలు గీసేవాళ్ళు కావాల్సొచ్చింది. మీ జేబులో కెమెరా ఉంది.

ఉంటా మరి!