నెల్లూరు తీరమందలి వన్యప్రాణులు – పంచాయతీల బాధ్యత

పంచాయతీ సభ్యులారా,

అడవి జంతువులనగానే మనకు నల్లమల పులులు, కౌండిన్య ఏనుగులు జ్ఞప్తికి వచ్చును. మన తీరమున అట్టి పెద్ద మృగములు లేవు. అందుచేత ఇచ్చట కాపాడవలసినదేమున్నదని పలువురు మమ్ము అడుగుచుందురు. కాపాడవలసినది కలదనియు, అందులో పెద్ద భాగము పంచాయతీల చేతిలోనే ఉన్నదనియు మనవి చేయుటకే నేడు మీ యెదుట నిలిచితిమి.

మొదట శ్రీహరికోటను గూర్చి చెప్పెదము. పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న ఈ దీవి 2022లో తిరుపతి జిల్లాలో చేరినను, తరతరములుగా నెల్లూరు తీరములోనిదే. ఏడాది పొడుగున పచ్చగా నుండు మెట్ట అడవి ఇచ్చట కలదు. తూర్పు తీరమున ఇట్టి అడవులు చాలవరకు నశించి, నేడు తునకలుగా మాత్రమే మిగిలినవి. పూర్వము ఈ దీవి వంటచెఱకు పడవలలో బకింగ్‌హాము కాలువ మీదుగా మదరాసు చేరెడిది. 1969లో రాకెట్ కేంద్రమునకు ఈ దీవిని ఎన్నుకొనిరి. 1971 అక్టోబరులో తొలి రాకెట్ ఎగిరినది. ఆనాడు యానాదులు మొదలగువారి కుటుంబములు పెక్కు తమ ఊళ్లను విడువవలసి వచ్చినదని మనము మరువరాదు. రాకపోకలు కట్టుబడి గొడ్డలి వెనుకకు తగ్గుటచే అడవి నిలిచినది. చుక్కల దుప్పులు, నక్కలు, అడవిపిల్లులు, ముంగిసలు అందు మనుచున్నవి.

ఆ అడవిలోనే దేవాంగపిల్లి కలదు. పేరునకు పిల్లియే గాని అది కోతి జాతికి దగ్గరి చుట్టము. పావుకిలోకు అటునిటుగా తూగును. పగలు కొమ్మల నడుమ ముడుచుకొని నిద్రించి, రాత్రివేళ పురుగులను ఏరి తినును. అది దుమికి పోజాలదు. కొమ్మనుండి కొమ్మకు ప్రాకి పోవలయును. చెట్ల వరుస ఎచ్చట తెగునో అచ్చట దాని దారియు తెగును. కావున ఊరి పొలిమేరలో, చెఱువుగట్టుపై నున్న పాత చెట్లను నరుకుటకు అనుమతించునపుడు ఒకమారు ఆలోచింపుడు. దాని కన్నులలో మందు గుణము కలదనుట వట్టి మూఢనమ్మకము.

నక్కను చూచిన వెంటనే కఱ్ఱ ఎత్తుట మనకు అలవాటు. ఎలుకలు దాని ముఖ్యాహారములలో నొకటి. ఎలుకలను తినువానిని చంపి, ఎలుకల మందునకు రూకలు వెచ్చించుట ఏపాటి లాభము?

ఇక సముద్రపు తాబేళ్లు. ఆలివ్ రిడ్లీ అను జాతి తాబేళ్లు శీతకాలము చివర రాత్రివేళ మన ఇసుకతిన్నెలకు వచ్చి, ఒక్కొక్కటి ఇంచుమించు నూఱు గ్రుడ్లు పెట్టి, గుంత పూడ్చి పోవును. సుమారు 50 దినములకు పిల్లలు వెలువడి, వెలుతురు కనబడు దిక్కునకు సాగును. చీకటి రాత్రులలో సముద్రమే తెల్లగా కనబడును గాన అవి నీటిని చేరును. ఒడ్డున వీథిదీపములు వెలుగుచుండిన అవి ఊరివైపు మరలి, తెల్లవారుసరికి ఎండకో కాకులకో బలియగును. వీథికుక్కలు గ్రుడ్లను త్రవ్వి తినును. ఊరి చివర చెత్తకుప్పలు పెరిగినకొలది కుక్కలు పెరుగును. దీపమును చెత్తను చూచువారు పంచాయతీవారే గదా!

రైతుల కష్టమును మేము ఎఱుగనివారము కాము. అడవిపందులు ఒక్క రాత్రిలో వేరుసెనగ చేనిని పెల్లగించినపుడు ఆ యింటి ఆక్రోశము న్యాయమైనదే. కాని చేని చుట్టు విద్యుత్తు తీగ పఱచుట దానికి మందు కాదు. ఆ తీగ పందిని, ఆవును, నీరు కట్టవచ్చిన ప్రక్కచేని రైతును వేఱుచేసి చూడదు. అట్టి తీగలను నిషేధించుచు గ్రామసభలో తీర్మానించుడు. పంటనష్టమును గూర్చి అటవీశాఖకు అర్జీలు వ్రాయించి, వాని వెంట మీరును పొండు.

ఇవి అన్నియు ఆచరణలో సాధ్యమా యని సందేహించువారికి నేలపట్టు గ్రామమే సమాధానము. అచ్చటి చెఱువులోని చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టును. వాని రెట్ట కలిసిన నీరు పొలములకు బలమని గుర్తించి, ఆ గ్రామస్థులు వానిని ఆదరించిరి. 1976లో ఆ చెఱువు పక్షిసంరక్షణ కేంద్రమయ్యెను. నేడు దూరప్రాంతముల వారును పక్షులను చూచుటకు అచ్చటికి వచ్చుచున్నారు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రతి స్థానిక సంస్థయు ఒక జీవవైవిధ్య యాజమాన్య సమితిని నెలకొల్పవలెనని విధించినది. మీ ఊరి సమితి కాగితముపై మాత్రమే యున్నచో దానిని మేల్కొల్పుడు. ఊరిలోని వృద్ధులను, యానాదులను, జాలరులను కూర్చుండబెట్టి, ఏ జంతువు ఎచ్చట తిరుగునో, ఏది కనుమరుగైనదో వ్రాసి యుంచుడు. గ్రుడ్లు పెట్టు మాసములలో ఒడ్డుదీపములను ఆర్పించుడు, లేదా వాని వెలుగు సముద్రమువైపు పడకుండ మరుగు కట్టించుడు. చెత్తను ఊరి చివర పేరుకొననీయకుడు.

ఈ పనులకు పెద్ద నిధులు అక్కఱలేదు; ఒక తీర్మానము, దానిని నిలుపు పట్టుదల చాలును. దీవిలోని అడవికి కావలి కలదు. ఆ కావలి దాటిన పిమ్మట పొలిమేరకు కావలి మీరే.