కొర్రమీనుకు మెత్తని ఎర

ఆదివారం తెల్లవారకముందే చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి బయలుదేరి, ఎల్.బి.నగర్ కూడలి దాటి, సాగర్ రోడ్డున ఇబ్రహీంపట్నం దిక్కుగా సాగిపోయే వాహనాలలో ఒకటీ అరా వెనుక సన్నని పొడవైన సంచి కట్టి ఉండటం మీలో కొందరు చూసే ఉంటారు. అందులో ఉండేది గాలపు కర్ర. వెదురు కర్ర, బెండు, కొబ్బరిచిప్పలో ఎర్రలు పెట్టుకుని చెరువుగట్టున కూర్చునేవారు నేటికీ ఉన్నారు. కాని వారి పక్కనే రీలు బిగించిన గాలం చేతబట్టి, డబ్బా నిండా రంగురంగుల రబ్బరు కప్పలు, రబ్బరు పురుగులు సర్దుకుని వచ్చే కొత్తవారు కూడా కనిపిస్తున్నారు. ఈ రబ్బరు ఎరలు ఏమిటి, వాటిని మన నీళ్ళకు, మన చేపకు తగినట్లు ఎలా దిద్దుకోవాలి అనే విషయం ఈ పూట ముచ్చటిస్తాను.

రబ్బరని వాడుకలో అంటున్నామే గాని ఇది రబ్బరు కాదు. పాలీ వినైల్ క్లోరైడ్ అనే ప్లాస్టిక్ పొడిని, దానిని మెత్తబరిచే నూనెవంటి ఒక ద్రవంలో కలిపి, సుమారు 175 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాచి, అచ్చులలో పోస్తారు. చల్లారిన తరువాత అది వేలితో నొక్కితే లొంగే, నీటిలో తోక ఊపే మెత్తని ముద్ద అవుతుంది. 1949లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఆక్రన్ నగరంలో, నిక్ క్రీమ్ అనే ఆయన భార్యతో కలిసి ఇటువంటి వానపామును తయారుచేశాడు. అంతకు ముందు కొయ్యతోను, లోహంతోను చేసిన ఎరలుండేవి. చేప వాటిని నోట పట్టగానే మోసం గ్రహించి ఉమ్మివేసేది. ఈ మెత్తని వానపామును మరొక క్షణం ఎక్కువ నోట ఉంచుకుంటుంది. ఆ ఒక్క క్షణమే గాలం వేసేవాడికి కావలసింది.

ఆ ఎర ప్రధానంగా ఉద్దేశించినది బాస్ అనే చేపకు. ఉత్తర అమెరికా మంచినీటి సరస్సులలో పుట్టి పెరిగిన ఈ చేపకు పెద్ద నోరు. 1932లో జార్జియా రాష్ట్రంలో ఒకటి, 2009లో జపానులోని బీవా సరస్సులో ఒకటి పది కిలోలకు పైబడినవి గాలానికి చిక్కాయి. ఈ నాటికీ ఆ రెండూ సరిసమానమైన రికార్డులుగా నిలిచి ఉన్నాయి. అంత సరదాయైన చేపను మన చెరువులలోకి కూడా తెచ్చి వదిలితే ఏమని ఎవరికైనా తోచవచ్చు. అటువంటివారు జపాను సంగతి వినాలి. 1925లో ఆషి సరస్సులో తెచ్చి వదిలిన బాస్ తరువాత దేశమంతా పాకి స్థానికమైన చిన్న చేపలను తినివేయటంతో, 2005లో దానిని ప్రాణంతో తరలించటం, కొత్త నీళ్ళలో వదలటం చట్టరీత్యా నిషేధించవలసి వచ్చింది.

మనకు బాస్ లేదన్న కొరత అక్కరలేదు. దానికి ఏమాత్రం తీసిపోని వేటకత్తె మన కొర్రమీను. హైదరాబాదువారికి దీనిని పరిచయం చేయనవసరం లేదు. మృగశిర కార్తె నాడు రాంనగర్ చేపల బజారులో ముందుగా ధర అడిగేది దానినే. చేప ప్రసాదం కోసం నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బారులు తీరిన జనం మింగేది కూడా కొర్రమీను పిల్లనే. తెలంగాణ ప్రభుత్వం 2016లో దీనిని రాష్ట్ర చేపగా ప్రకటించింది. చెరువులలో గాలం వేయటం చిన్నతనమని భావించేవారికి మరొక మాట: హెన్రీ సల్లివన్ థామస్ అనే మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హిందూదేశపు చెరువులలో గాలపు వేటను గురించే ప్రత్యేకంగా ఒక గ్రంథం 1887లో ప్రకటించాడు.

ఇక చిక్కు ఎక్కడ వస్తుందంటే, దుకాణంలో దొరికే ఎరలలో పెక్కు బాస్ నోటిని చూసి చేసినవి. బాస్ నోరు తెరవగానే చుట్టూ ఉన్న నీరు, నీటితోపాటు ఎర, లోపలికి పీల్చుకుపోతాయి. దాని పళ్ళు ఆకురాయివలె గరుకుగా ఉంటాయే గాని కోయవు. కొర్రమీను తీరు వేరు. పాము తలవంటి తల, గట్టి ఎముకల దవడ, కింది దవడలోను అంగిలిలోను కూడా వాడిపళ్ళు. అది వచ్చి కరుస్తుంది. కరిచి నలుపుతుంది. పొడుగాటి మెత్తని వానపామును దానికి అందిస్తే తోక తెగి దాని నోట్లో పడుతుంది, తల గాలానికి మిగులుతుంది. ఎరకు ఖర్చూ దండుగ, చేప కడుపులో ప్లాస్టిక్ ముక్కా దండుగ. కాబట్టి మొదట చేయవలసిన మార్పు కత్తెరతో. ఆరంగుళాల పురుగును తల వైపు నుంచి కోసి నాలుగంగుళాలకు కుదించాలి. అప్పుడు కొక్కెం తోకకు చేరువ అవుతుంది, కరిచిన చోటనే ముల్లు ఉంటుంది. తోక వైపు కోస్తే దాని ఊపే పోతుంది గనుక ఆ పని చేయరాదు.

మన చెరువు కూడా వేరే. నడి నీరు నిర్మలంగా ఉన్నా, కొర్రమీను ఉండేది గుర్రపుడెక్క, తుంగ, తామర పెరిగిన అంచుల్లో. కొక్కెపు మొన బయట ఉంటే రెండవ విసురుకే నాచు మూట వస్తుంది. దీనికి టెక్సాసువారి పద్ధతి ఒకటి ఉంది. కొక్కెపు మొనను పురుగు తలలో పావు అంగుళం గుచ్చి బయటికి తీసి, కొక్కేన్ని తిప్పి, మొనను మళ్ళీ పురుగు ఒంట్లోనే దాచాలి. చేప కరిచినప్పుడు మెత్తని ఒళ్ళు నలిగి మొన బయటపడుతుంది. ఐతే లావుపాటి పురుగులో మొన అంత సులభంగా బయటపడదు. అందుకని వీపు మీద, మొన ఉండే చోట, పాతబ్లేడుతో అంగుళం పొడవున సన్నని గాటు పెట్టి, మొనను ఆ గాటులో పడుకోబెట్టాలి. పైన పల్చని పొర మాత్రం మిగలాలి. పురుగు పొట్ట వైపు కూడా లోతు తక్కువగా మరొక గాటు పెడితే ఒళ్ళు ఇంకా తేలికగా నలుగుతుంది. ఇంత చిన్న పనికి ఫలితం మాత్రం పెద్దదే.

కప్ప సంగతికి వద్దాం. కొర్రమీనుకు కప్ప మీద ఉన్న మక్కువ మన పల్లెలలో అందరూ ఎరిగినదే. బతికిన కప్పను కొక్కేనికి గుచ్చి వేసే ఆచారం చిరకాలంగా ఉన్నది. వరిపొలాలలో పురుగులను తినే ప్రాణి కప్ప. కప్పకాళ్ళ ఎగుమతిని భారత ప్రభుత్వం 1987లో నిషేధించింది. బొమ్మకప్పతో పని జరిగేటప్పుడు బతికినదానిని హింసించవలసిన అగత్యం లేదన్నది నా అభిప్రాయం. బొమ్మకప్ప లోపల బోలుగా ఉంటుంది. వెనుక జంట కొక్కెం దాని వీపును ఆనుకుని ఉంటుంది కనుక గుర్రపుడెక్క ఆకుల మీద పాకించినా చిక్కుకోదు. కొర్రమీను కరిస్తే బోలు శరీరం అణగి మొనలు పైకి తేలుతాయి. తేలకపోతే చేప తప్పిపోయినట్లే. కొత్త కప్పను కొన్న వెంటనే దాని వీపును బొటనవేలితో నొక్కి చూడండి. రెండు మొనలూ పూర్తిగా బయటికి రాకపోతే పటకారుతో కొక్కేలను రవంత పైకి, రవంత పక్కకు వంచాలి. రవంత అన్న మాట గుర్తుంచుకోవాలి. ఎక్కువ వంచితే ఉక్కు నీరసిస్తుంది, పైగా ఆకులన్నీ మొనలకు తగులుకుంటాయి.

కప్ప కాళ్ళకు బదులు వెనుక పీచు కుచ్చులు రెండు ఉంటాయి. అవి మరీ పొడుగైతే కొర్రమీను కుచ్చును మాత్రమే పట్టుకుని లాగి వదిలివేస్తుంది. అందుచేత వాటిని కొక్కెపు వంపునకు రెండంగుళాలు మించకుండా కత్తిరించుకోవాలి. ఒక కుచ్చును రెండవదానికంటె అరంగుళం పొట్టి చేస్తే లాగినప్పుడు కప్ప ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తల తిప్పుతూ వస్తుంది. తేలికపాటి కప్ప దూరం పోకపోతే, పొట్ట కింది రంధ్రం గుండా రెండు మూడు చిన్న గుండ్లు లోపల వేయవచ్చు. విసరటానికి బరువూ వస్తుంది, కదిలితే చప్పుడూ వస్తుంది. బరువు వెనుక వైపు చేరితే కప్ప తల ఎత్తి కూర్చుంటుంది, ముందుకు చేరితే ముక్కు నీట ముంచి దొర్లిపోతుంది. రంగు గురించి దుకాణదారులు చాలా చెబుతారు. కలక నీటిలో, మబ్బు పట్టిన పూట, కింద నుంచి చూసే చేపకు ఆకాశం మీద స్పష్టంగా కనిపించేది నల్లని ఆకారం. నల్లకప్ప ఒకటి ఉంటే మిగిలిన పది రంగులూ షోకుకే.

మార్చిన ఎరను నేరుగా చెరువుకు పట్టుకుపోవద్దు. చైతన్యపురిలో ఏ డాబా మీదనైనా నీటి తొట్టి ఒకటి ఉండకపోదు, లేదా స్నానాల గది బక్కెట్టు చాలు. ఎరను అందులో వేసి అది ఎలా కూర్చుంటుందో, నీరు ఎంతసేపటికి లోపలికి చేరుతుందో చూడండి. సంచిలో వంకరపోయిన పురుగును వేడినీటిలో ఒక నిమిషం ఉంచి, నిటారుగా పట్టి చన్నీటిలో ముంచితే మళ్ళీ సరి అవుతుంది. ఒక రంగు ఎరను మరొక రంగుతో కలిపి ఉంచరాదు, రంగులు ఒకదానికొకటి అంటుకుంటాయి. కొన్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలను ఈ ఎరలలోని ద్రవం కరిగించి జిగురు చేస్తుంది. కొన్నప్పుడు వచ్చిన సంచిలోనే ఉంచటం మేలు.

చిరిగిన ఎరను అతికించటానికి కాల్చిన సూది చాలు. చీలికకు రెండు వైపులా తాకించి నొక్కితే అతుక్కుంటుంది. ఐతే పాతముక్కలన్నీ పోగుచేసి ఇంట్లో కరిగించి కొత్త ఎరలు పోద్దామని ఉత్సాహపడేవారు జాగ్రత్తపడాలి. ఈ ప్లాస్టిక్ మాడితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు ఉంటుంది, అది కళ్ళకు, ఊపిరితిత్తులకు హాని. అచ్చులో ఒక్క నీటిబొట్టు ఉన్నా వేడి ద్రవం చిమ్మి చర్మాన్ని కాలుస్తుంది. గాలి ఆడని వంటగదిలో, అన్నం వండే గిన్నెలో చేసే పని కాదిది.

తంగూసు విషయంలో సందేహించనవసరం లేదు. సాగే నైలాను తంగూసుకంటె, సాగని అల్లిక దారం తుంగలో నుంచి చేపను లాగటానికి అనువైనది. ఇక చేప కప్ప మీద పడినప్పుడు పెద్ద చప్పుడవుతుంది. ఆ చప్పుడుకు ఉలిక్కిపడి గాలం లాగేవారే ఎక్కువ. దారం బరువెక్కేవరకు ఒకటి, రెండు అనుకుని అప్పుడు లాగాలి.

ఇంతవరకు ఎర ఎలా పనిచేస్తుందో చెప్పాను. అది మరీ బాగా పనిచేసే సందర్భం ఒకటి ఉంది, అప్పుడు దానిని పెట్టెలోనే ఉంచాలి. వానలు పడి చెరువు నిండే రోజులలో కొర్రమీను జంట నాచు తొలగించి గుడ్లు పెడుతుంది. పిల్లలు పైకి వచ్చి ఎర్రగా, గుంపుగా, నీటిపైన చిటపటలాడుతూ తిరుగుతాయి. వాటి కిందనే తల్లిదండ్రులలో ఒకటి, తరచుగా తండ్రి, కావలి ఉంటుంది. పిల్లల గుంపు మీదుగా కప్పను లాగితే అది వచ్చి కరవక మానదు. ఆకలితో కాదు, తరిమివేయటానికి. ఆ సమయంలో అందరికంటె మొద్దు చేయి గలవాడికి కూడా పెద్ద చేప దొరుకుతుంది. కావలి పోయిన పిల్లల గుంపును ఇతర చేపలు, పక్షులు పూట గడవకుండానే తినివేస్తాయి. ఒక చేపను పట్టినట్లు కనిపించినా పోయేది వందల కొర్రమీనులు. బాస్ గూడు కాచే కాలంలో దానిని పట్టరాదని అమెరికా, కెనడాలలో కొన్ని ప్రాంతాలవారు నియమం పెట్టుకున్నారు. మన గట్టు మీద అటువంటి నియమం చెప్పే బోర్డు లేకపోవచ్చు. ఎర్రపిల్లల గుంపును పోల్చుకోగలిగిన కన్ను ఉంటే బోర్డుతో పని లేదు.

చెరువు ఎవరిదన్న ప్రశ్న కూడా ఉంది. తెలంగాణలో చెరువులలో చేపలు పట్టే హక్కు సాధారణంగా ఆయా గ్రామాల మత్స్య సహకార సంఘాలది. ముదిరాజులు, గంగపుత్రులు దాని మీద బతుకుతున్నారు. సరదాకు వెళ్ళేవారు వారి అనుమతి అడిగి, వారు వద్దన్న చోట గాలం ముడిచి రావాలి. మన ఇంటి ముందరి సరూర్‌నగర్ చెరువు 1626లో కట్టినది. నేడు చుట్టూ కాలనీలు పెరిగి మురుగు చేరిన నీరది. అక్కడ విసరటం నేర్చుకోవచ్చునేమో గాని, అక్కడి చేపను కూర వండుకోమని చెప్పలేను. ఎక్కడ వేసినా తెగిన తోకలు, చిరిగిన కప్పలు నీటిలో వదలక సంచిలో వేసుకుని రావాలి. అవి కరిగిపోవు. నీటిలో ఉబ్బి, మరొక చేప కంటబడి, దాని కడుపులోకి చేరుతాయి.

పట్టిన చేపను వదలదలచినవారికి ఒక ఉపాయం. ఇంటివద్దనే కొక్కెపు మొన వెనుక ఎదురుగా ఉండే చిన్న ముల్లును పటకారుతో నొక్కి అణచివేయండి. దారం బిగువు తప్పకుండా ఉంచితే చేప పోదు, విడిపించేటప్పుడు దవడ చిరగదు. కొర్రమీను మొప్పలతోపాటు పైగాలిని కూడా పీల్చి బతికే చేప గనుక ఒడ్డున కొంతసేపు తట్టుకుంటుంది. ఐనా పొడిచేత్తో పట్టరాదు, దాని ఒంటి జిగురు పోతుంది. చేతులు తడుపుకుని, పొట్ట కింద ఆనించి, నీటి అంచున తల పైకి ఉండేటట్లు పట్టుకోండి. ఒక గుక్క గాలి పీల్చుకుని, తోక విదిలించి, మీ మొహాన నీళ్ళు చల్లి అదే పోతుంది.