మన పిల్లలకు హైడ్రోజన్ పాఠం

 

ఆరాంఘర్ చౌరస్తాలో కాసేపు నిలబడితే చాలు, ఎంత పొగ మన పిల్లల ఊపిరిలోకి పోతోందో తెలుస్తుంది. ఒకవైపు విమానాశ్రయం దారి, మరోవైపు కాటేదాన్ కర్మాగారాలు. పొగలేని ఇంధనం గురించి ఇక్కడి పిల్లలకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి?

అలాంటి ఇంధనం హైడ్రోజన్. ఫ్యూయల్ సెల్‌లో వాడితే కరెంటు, వేడి, నీళ్లు మాత్రమే వస్తాయి. 2023 జనవరి 4న కేంద్ర మంత్రివర్గం 19,744 కోట్ల రూపాయలతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తి లక్ష్యం. 2025 జనవరి 8న అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్‌టీపీసీ హైడ్రోజన్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. మనకు దగ్గర్లోని బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐ సంస్థ తన చెన్నై కేంద్రంలో ఫ్యూయల్ సెల్స్‌పై పరిశోధన చేస్తోంది. ఈ పనులకు శాస్త్రవేత్తలే కాదు. వెల్డర్లు, ఎలక్ట్రీషియన్లు, పైపు ఫిట్టర్లు కూడా కావాలి. ఆ పనులు చేసే కుటుంబాల పిల్లలే మన బడుల్లో ఉన్నారు.

పదో తరగతి పుస్తకంలో నీటి విద్యుద్విశ్లేషణ ఉంది. బొమ్మ చూసి బట్టీ పడితే మార్కులు వస్తాయి, విషయం రాదు. ఒక 9 వోల్టుల బ్యాటరీ, రెండు పెన్సిల్ ములుకులు, రెండు పరీక్షనాళికలు, నీళ్లలో చిటికెడు చాకలి సోడా ఉంటే చాలు. రుణ ధ్రువం దగ్గర చేరే హైడ్రోజన్, రెండో వైపు ఆక్సిజన్‌కు దాదాపు రెట్టింపు. నీటి సూత్రంలోని ఆ '2' ఎక్కడిదో పిల్లలు కళ్లారా చూస్తారు. సోడా బదులు ఉప్పు వేయకూడదు, విషవాయువైన క్లోరిన్ వస్తుంది. పుల్ల వెలిగించి హైడ్రోజన్‌ను పరీక్షించే పని ఉపాధ్యాయుడిదే. అదీ ఒక్క నాళికెడు వాయువుతోనే.

లెక్క కూడా నిజాయితీగా చెప్పాలి. హైడ్రోజన్ గని నుంచి తవ్వుకునే బొగ్గులాంటిది కాదు. కిలో తయారీకి సుమారు 50 యూనిట్ల కరెంటు పడుతుంది, అందులో మిగిలే శక్తి సుమారు 33 యూనిట్లు. ఆ కరెంటు బొగ్గు నుంచి వస్తే పొగ చోటు మారుతుందే గాని పోదు. ఎండ నుంచో గాలి నుంచో వస్తేనే అది గ్రీన్ హైడ్రోజన్. ఈ తేడా తెలిసిన పిల్లవాడు రేపు ఏ ప్రకటనకూ మోసపోడు.

అందుకే మేము కోరేది వార్షికోత్సవంలో అద్దాల పెట్టెలో పెట్టే ఖరీదైన నమూనా కాదు. నలుగురు పిల్లలకు ఒక సామాను పెట్టె, ఉపాధ్యాయులకు శిక్షణ, ఆడపిల్లలకూ సమానంగా ప్రయోగం చేసే అవకాశం. జకాత్‌కు హక్కుదారులెవరో నిర్దేశించి ఉంది గనుక, దీనికి సదఖా నిధి నుంచే మీ సాయం అడుగుతున్నాం. నలుగురికి ఉపయోగపడే విద్య సదఖయె జారియా. ఇచ్చినవారు వెళ్లిపోయినా దాని పుణ్యం ఆగదు.

అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక, మన పిల్లలకు మేలైన జ్ఞానాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.