పనిముట్టుకు పదును – సానరాయి

(ప్రసంగ పాఠము)



కోతయంత్రములు వరిచేలలో తిరుగుచున్న ఈ దినములలో కూడ కొడవలి, కత్తి మనకు తప్పలేదు. గాలివానకు పడిపోయిన పైరును, గట్టుమీది పచ్చగడ్డిని, చెరకును కోయుటకు అనేక గ్రామములలో చేతి పనిముట్లే ఆధారము. కాని పనిముట్టును కొనునపుడు చూపు శ్రద్ధను దాని పదును నిలుపుటలో మనము చూపుట లేదు.

మొద్దుబారిన పనిముట్టు వలన మూడు నష్టములు గలవు. మొదటిది శ్రమ, ఒక వేటుతో తెగవలసినది రెండు మూడు వేట్లు కోరును. రెండవది పంట. చెరకుగడ మొదటి భాగముననే తీపి హెచ్చు. మొద్దుకత్తితో నేలమట్టమునకు నరుకుట కష్టము కనుక ఆ తీపి భాగము నేలలోనే మిగిలిపోవును. దుబ్బు చీలి కార్శితోటకు దెబ్బ తగులును. మూడవది అన్నిటికంటె పెద్దది. పదునులేని కొడవలి పైరును తెంపలేక జారును. అది జారిన చోట పైరును పట్టుకొన్న మన చేయి యుండును.

ఈ మూడింటికిని విరుగుడు ఒక చిన్న సానరాయి. ఇసుకరాతిలోని పలుగు రేణువులు ఇనుముకన్న గట్టివి. అవి లోహమును కొద్దికొద్దిగా అరగదీసి వాదరను సన్నము చేయును. గరుకురాయి యొకటి, నున్ననిరాయి యొకటి యున్నచో చాలును. అంచు బాగుగా మొద్దుబారినపుడే గరుకురాయిని వాడవలెను.

ముందుగా రాతిని నీటితో తడుపుడు. నీరు లోహపు పొడిని కడిగివేసి రాతి గరుకుతనమును నిలుపును. కత్తిని రాతిపై పరుండబెట్టి, వెన్నును సుమారు 20 డిగ్రీలు ఎత్తుడు. లంబకోణమును సగముచేసి, ఆ సగమును మరల సగము చేసినచో 22½ డిగ్రీలు. దానికి కొంచెము తక్కువైన చాలును. ఈ వాలు మారకుండ ఒక ప్రక్క నూరినచో రెండవ ప్రక్క అంచున సన్నని ముడుత చేతికి గరుకుగా తగులును. అపుడు ఆ ప్రక్కను నూరవలెను. చివర నున్ననిరాతిపై తేలికగా నూరినచో ముడుత పోవును.

కొడవలి వంకరగా నుండుటచే దానిని కదలకుండ నిలిపి, అంచులు గుండ్రముగా నున్న చిన్నరాతిని వాదర వెంట నడపవలెను. పండ్లుగల కక్కు కొడవలిని ఇట్లు నూరినచో పండ్లు అరిగిపోవును. దానికి కమ్మరిచేత కక్కు పెట్టించుటయే తగినది.

తిరుగుడు సానపై త్వరగా పని ముగియును గాని, నిప్పురవ్వలు రాలునట్లు అదిమిపట్టినచో అంచు కాలును. ఉక్కు నీలిరంగు తిరిగినచో వేడి సుమారు 300 డిగ్రీల సెంటిగ్రేడునకు చేరినట్లు. కమ్మరి పెట్టిన పదను అచ్చట చెడినదన్నమాట. అట్టి అంచు ఎంత నూరినను నిలువదు. తడిరాతిపై ఈ భయము లేదు.

పదునును వ్రేలితో రాచి పరీక్షింపరాదు. అంచును ఎండకు ఎదురుగా పట్టి చూడుడు. మొద్దుబారిన చోట తెల్లని గీత మెరయును. పదునైన వాదర కంటికి కనబడదు. రాయి మధ్యభాగము గుంటపడినచో చదునైన బండపై తడియిసుక వేసి రుద్ది సరిచేయవలెను.

పనికి పోవుటకు ముందు కొన్ని నిమిషములు, మధ్యాహ్న విశ్రాంతి వేళ మరికొన్ని నిమిషములు నూరినచో చాలును. సాయంకాలము పనిముట్టును తుడిచి, నూనె రాచి, పిల్లలకు అందని చోట నుంచుడు. కూలికి పిలిచిన వారికి కత్తితోపాటు సానరాతిని కూడ చేనివద్ద నుంచుట ఆసామి ధర్మము. పదునుకు పట్టిన కాలము పనిలో పోయిన కాలము కాదు. అదియు పనిలో భాగమే.