పాతిక చదరపు మీటర్లలో ఊరంతటి పంట

(సంఘం శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నాకు అప్పగించిన అంశం గణాంక శాస్త్రం. పేరు వినగానే అది యూనివర్సిటీ వాళ్ల వ్యవహారం, మనకెందుకులే అనిపిస్తుంది. కానీ తుపానుకు వరి పడిపోయిన ఏడాది మన ఊరికి బీమా సొమ్ము వస్తుందా రాదా అని తేల్చేది ఈ శాస్త్రమే. పంట కోత ప్రయోగం అంటే గణాంక శాస్త్రం మన చేలోకి దిగడమే.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. ఎందుకు చాలు? గంటెతో కలియబెట్టాం కాబట్టి, ఏ మెతుకైనా ఒకటే. ఊళ్లో పొలాలను అలా కలియబెట్టలేం కదా. ఎగువ పొలానికి నీళ్లుంటాయి, శివారు పొలం బీటలు వారుతుంది. అందుకే లాటరీ పద్ధతి పెట్టారు. ఏ సర్వే నంబరులో కోయాలో రాండమ్ నంబర్లతో తీస్తారు. చేలోకి వెళ్లాక కూడా లాటరీయే. నైరుతి మూల నుంచి మొదలుపెట్టి, వచ్చిన నంబరును బట్టి పొడవు వెంట ఇన్ని అడుగులు, వెడల్పు వెంట ఇన్ని అడుగులు నడిచి, ఆగినచోట పుడక పాతాలి. అక్కడి నుంచి 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు. అంటే 25 చదరపు మీటర్లు. అందులో పంట కోసి, నూర్చి, తూకం వేస్తారు.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. అందులో 25 చదరపు మీటర్ల మళ్లు 162 పడతాయి. అంటే ఆ చిన్న మడిలో ఒక్క కిలో తేడా వస్తే ఎకరానికి 162 కిలోల తేడా. 75 కిలోల బస్తా లెక్కన రెండు బస్తాలు దాటిపోయింది.

అది డబ్బులో ఎంతవుతుంది? 2016లో వచ్చిన ఫసల్ బీమా పథకం లెక్క ఇది. గత ఏడేళ్లలో మెరుగైన అయిదేళ్ల దిగుబడికి సగటు తీస్తారు. దానిలో 70, 80 లేదా 90 శాతాన్ని హామీ దిగుబడిగా తీసుకుంటారు. ఉదాహరణకు సగటు 30 బస్తాలు, హామీ 80 శాతం అనుకుందాం. అప్పుడు హామీ దిగుబడి 24 బస్తాలు. ఈ ఏడాది ప్రయోగాల సగటు 18 వస్తే తగ్గినవి 6 బస్తాలు, అంటే 24లో నాలుగో వంతు. ఎకరానికి బీమా మొత్తం 40,000 రూపాయలైతే 10,000 వస్తాయి. అదే ప్రతి మడిలో అరకిలో ఎక్కువ రాశారనుకోండి. ఎకరానికి దాదాపు 1,800 రూపాయలు ఎగిరిపోతాయి. ఒక్క రైతుకు కాదు, ఆ ఊళ్లో ఆ పంటకు బీమా ఉన్న ప్రతి ఎకరానికీ.

ఈ అరకిలో రావడానికి ఎవరూ దొంగతనం చేయనక్కర్లేదు. తాడు వదులుగా పట్టుకుంటే చాలు. గీత మీద పడిన దుబ్బులన్నీ లోపలివే అని కోసేస్తే చాలు. పచ్చిగింజ తూకం వేసి తేమ తీసేయకపోతే చాలు. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. బెంగాల్లో జనపనార సర్వేలు చేసిన మహలనోబిస్ చిన్న మళ్లు చాలన్నారు. వ్యవసాయ పరిశోధన మండలిలో పనిచేసిన సుఖాత్మే, మడి మరీ చిన్నదైతే అంచు దుబ్బులు లోపలికి వచ్చి దిగుబడి ఎక్కువగా కనిపిస్తుందని వాదించారు. మడి చిన్నదయ్యేకొద్దీ విస్తీర్ణంతో పోలిస్తే అంచు పెరుగుతుంది. కాబట్టి గీత దగ్గర జాగ్రత్త ఉండాల్సిందే.

రెండో సంగతి సగటు. ఒక ఊళ్లో నాలుగు ప్రయోగాల్లో 18, 19, 17, 18 బస్తాలు వచ్చాయనుకోండి. సగటు 18. పక్క ఊళ్లో 30, 28, 6, 8 వచ్చాయి. సగటు 18 ఇక్కడా అంతే. కానీ మొదటి ఊరి సగటును నమ్మవచ్చు. రెండో ఊళ్లో మరో నాలుగు పొలాలు లాటరీలో వచ్చి ఉంటే 25 కావచ్చు, 10 కావచ్చు. పంటలో హెచ్చుతగ్గులు ఎంత ఎక్కువుంటే అన్ని ఎక్కువ ప్రయోగాలు కావాలి. పొరపాటును సగానికి తగ్గించాలంటే ప్రయోగాలు నాలుగింతలు చేయాలి. కానీ గ్రామం యూనిట్‌గా ఉన్న ప్రధాన పంటకు నిబంధన ప్రకారం కనీసం నాలుగే. ఎగువ, శివారు కలిసిన ఊళ్లకు ఇది చాలదు. అలాంటి చోట ఎగువను వేరుగా, శివారును వేరుగా విడదీసి, విస్తీర్ణాన్ని బట్టి రెండింటిలోనూ ప్రయోగాలు చేయాలి. శాస్త్రం ఒప్పుకున్న పద్ధతే ఇది. మన డిమాండ్ కూడా ఇదే కావాలి.

2023 నుంచి వరి, గోధుమ దిగుబడి లెక్కలో ఉపగ్రహ అంచనాకు కనీసం 30 శాతం పాలు ఇస్తున్నారు. ఇక కోత ప్రయోగాలతో పనిలేదని అనుకోవద్దు. ఆ అంచనా సరిగ్గా ఉందో లేదో పోల్చి చూడటానికి కూడా చేలో కోసిన పంటే ఆధారం.

ఒక మాట నిష్ఠూరంగా చెబుతాను. కొన్ని ఊళ్లలో సిబ్బంది రాగానే, పూర్తిగా పోయిన పొలం దగ్గరకు రమ్మని లాగుతారు. కడుపుమంట అర్థమవుతుంది. కానీ పొలం ఎంచుకునే అధికారం మన చేతికి వస్తే రేపు కంపెనీ చేతికీ వస్తుంది. వాళ్లు బాగా పండిన చేను చూపిస్తారు. లాటరీ ఎవరి మాటా వినదు కాబట్టే అది బలహీనుడికి రక్ష. దాన్ని చెడనివ్వకుండా కాపలా కాయడమే సంఘం పని.

అందుకని ప్రతి గ్రామ శాఖ ఈ సీజన్లో అయిదు పనులు చేయాలి. ప్రయోగానికి ఏ సర్వే నంబర్లు వచ్చాయో, తేదీ ఎప్పుడో ముందే రైతు సేవా కేంద్రంలో అడిగి రాసుకోవాలి. కోత రోజు ఇద్దరు దగ్గరుండాలి, వారిలో ఒకరు కౌలు రైతు అయితే మంచిది. టేపుతో నాలుగు వైపులా, మూల నుంచి మూలకూ కొలవాలి. ఐమూలలు రెండూ సమానంగా ఉంటేనే మడి చతురస్రం. కాటాను తెలిసిన తూకపు రాయితో సరిచూడాలి. ఫారంలో రాసిన తూకాన్ని, సంతకాలు కాకముందే మన నోటు పుస్తకంలోకి ఎక్కించుకోవాలి.

అయిదేళ్లు ఇలా రాసిపెడితే మన దగ్గరా ఒక రికార్డు ఉంటుంది. కలెక్టరేట్ ముందు కూర్చున్న రోజు మన గొంతుకు ఆ పుస్తకం తోడుగా నిలుస్తుంది. నినాదానికి జవాబు చెప్పకుండా తప్పించుకోవచ్చు కానీ, తేదీతో, సర్వే నంబరుతో, తూకంతో ఉన్న లెక్కకు జవాబు చెప్పి తీరాలి.