ఋణవిమోచనము - అధిక శ్రమ



తిరుమలేశునకు వడ్డికాసులవాడని పేరు. పద్మావతీ పరిణయమునకై స్వామి కుబేరుని వద్ద ధనము గైకొని, పత్రము వ్రాసి యిచ్చి, కలియుగాంతము వరకు వడ్డీ చెల్లించుటకు అంగీకరించెనని క్షేత్రమాహాత్మ్యము. అప్పుపడుటయే పాపమని మన పెద్దలు తలచియుండినచో ఈ గాథను స్వామికి ముడిపెట్టి యుండరు. అప్పు పాపము కాదు. పత్రములోని మాట తప్పుట పాపము. నేడు ఈ విషయమునే, మన యిండ్లలో జరుగుచున్న రీతిని బట్టి విచారింతము.

ఇటీవల ఒక గృహస్థు నా వద్దకు వచ్చెను. అతని బట్టల కొట్టు మూతపడినది. బ్యాంకు బాకీ లోక్ అదాలత్‌లో రాజీపడి నెలవాయిదాలుగా కుదిరినది. పగలు ఒక దుకాణమున గుమాస్తాగా పనిచేయుచు, రాత్రి మరి యిద్దరు వర్తకులకు చిట్టా ఆవర్జాలు వ్రాయుచున్నాడు. "శాస్త్రిగారూ! ఈ రాత్రి సంపాదన సంగతి బ్యాంకువారికి చెప్పినచో వాయిదా పెంచుదురేమో. చెప్పనిచో దొంగతనమగునేమో. పని ముగించి పడుకొన్నను నిదుర పట్టుట లేదు" అనెను. ఇది అతనికి ఒక్కనికే కలిగిన సందేహము కాదు.

మనుస్మృతి అష్టమాధ్యాయములో పదునెనిమిది వ్యవహారపదములు చెప్పబడినవి. వానిలో మొదటిది ఋణాదానము. గడువునకు అప్పు తీర్పజాలనివాడు అప్పటికైన వడ్డీని చెల్లించి పత్రమును తిరుగ వ్రాయవచ్చునని మనువు అనుమతించెను. కావున వాయిదాల ఒడంబడిక నేటి బ్యాంకులు కనిపెట్టినది కాదు. దానికి తలవంచుకొని తిరుగవలసిన పని లేదు. ధనము క్షీణించినవాడు రాబడి కలిగిన కొలది మెల్లమెల్లగా తీర్పవలెనని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. చెల్లించినది ఎప్పటికప్పుడు పత్రము వెనుక వ్రాయవలెననియు, లేదా ఋణదాత స్వహస్తముతో రసీదు ఇయ్యవలెననియు, అంతయు తీరిన పిమ్మట పత్రమును చింపివేయవలెననియు ఆ మహర్షియే విధించెను.

ఇచట ఒక మాట దాచరాదు. ఈ మెల్లగా తీర్చు వెసులుబాటును స్మృతులు అందరికీ ఇయ్యలేదు. వర్ణమును బట్టి కొందరిచేత అప్పునకు బదులుగా పని చేయించుకొనవచ్చుననినవి. ఆ భేదము నేడు చెల్లదు. 1976 నాటి చట్టము వెట్టిచాకిరిని రద్దుచేసినది. అప్పు పేరిట మనిషిని పనికి కట్టివేయుట నేరము. కావున ఋణగ్రస్తుడు చేయు అధిక శ్రమ అతని యిచ్ఛతో జరుగవలెను. దాని కూలి అతని చేతికే రావలెను.

మరి, ఆ చేతికి వచ్చిన ధనము ఎవరిది? హరిశ్చంద్రుని తలచుకొనుడు. విశ్వామిత్రునకు గడువులోగా ధనమీయవలసి, ఆలుబిడ్డలను అమ్మి, తానును అమ్ముడుపోయి, కాశిలో కాటికాపరియైన మహారాజు అతడు. చచ్చిన కుమారుని చేతులపై మోసికొని భార్య వచ్చినను కాటిసుంకము విడువలేదు. కఠినుడగుటచేత కాదు. ఆ సుంకము తనది కాదు, యజమానునిది. తనది ఏది, పరులది ఏది అను వివేకము శ్మశానములోను అతనిని విడువలేదు. ఋణగ్రస్తునకు కావలసినది ఆ వివేకమే.

దానిని మన విషయమునకు అన్వయింతము. మొదట ఒడంబడిక కాగితమును చదువవలెను. నెలకు ఇంత అని నిర్ణయించి, రాబడి ప్రసక్తి లేనిచో, వాయిదా చెల్లించగా మిగిలిన కష్టార్జితము అతనిదే. దానిని చాటి చెప్పవలసిన పని లేదు. అడిగినచో మాత్రము అబద్ధమాడరాదు. రాబడిని చూపి వాయిదా కుదుర్చుకొని, అందు మార్పు కలిగిన తెలుపుదునని సంతకము చేసియున్నచో, మొదటి నెల జీతము అందగానే తెలుపవలెను. ఇక దివాలా వ్యవహారమున నియమము ఇంకను కఠినము. విమోచనము కలుగువరకు దివాలాదారునకు సమకూరు ఆస్తి కోర్టునకు లేదా రిసీవరుకు చెందునని 1920 నాటి చట్టము విధించినది. అట్టివారు ముందుగా న్యాయవాదిని అడుగక అడుగు వేయరాదు.

బీద అరుపులు అరచి వడ్డీ మాఫీ చేయించుకొన్ననాడే రెండవ రాబడిని దాచియుంచినవాని సంగతి వేరు. తైత్తిరీయారణ్యకములోని కూష్మాండ మంత్రములలో, ఇయ్యదలపక యిత్తునని పలికిన దోషమునకు కూడ క్షమాపణ కలదు. మనసులోని కపటమును సైతము వేదము ఋణము ప్రక్కనే నిలిపినది.

ఆ గృహస్థుని కాగితము చూచితిని. నెలవాయిదా తప్ప వేరు షరతు లేదు. "నాయనా, నీది దొంగతనము కాదు. 1987 నాటి చట్టము ప్రకారము లోక్ అదాలత్ తీర్పు సివిలు కోర్టు డిక్రీతో సమానము. అది ఉభయులకును కట్టుబాటు. ఒకవైపువారు తమంతట వాయిదా పెంచజాలరు. నీవును ఒక్క వాయిదాయైనను తప్పరాదు" అని చెప్పితిని.

ఇక అధికార్జనను వినియోగించు క్రమము. మొదట ఇంటిల్లిపాది అన్నము, బిడ్డల చదువు. పిమ్మట వాయిదా. ఆ పిమ్మట జబ్బు చేసిన నెల వాయిదా తప్పకుండుటకు కొంత నిలువ. మిగిలినది ముందుగా చెల్లించినచో అసలు తగ్గునా అని వ్రాతమూలకముగా తెలిసికొని చెల్లించి, రసీదు పుచ్చుకొనవలెను. పాత అప్పు తీర్చుటకు కొత్త అప్పు చేయుట మాత్రము గోతి పూడ్చుటకు ప్రక్కన గోయి త్రవ్వుటయే. ప్రభుత్వోద్యోగియైనచో పైవారి అనుమతి లేక వేరు కొలువు చేపట్టరాదు.

శ్రమకును హద్దు కలదు. సంధ్యావందనము, నిదుర, పిల్లలతో ఒక పూట భోజనము, వీనిని అమ్ముకొని సంపాదించిన ధనము తుదకు వైద్యునకే చేరును. బ్రాహ్మణుడు పుట్టుకతోనే ఋషులకు, దేవతలకు, పితరులకు ఋణపడి యున్నాడని తైత్తిరీయ సంహిత చెప్పుచున్నది. ఆ ఋణములు ఒక్కరోజున తీరునవి కావు. స్వాధ్యాయముతో, యజ్ఞముతో, సంతానముతో బ్రతుకంతయు తీర్చుకొనునవి. బ్యాంకు ఋణమునకు అంత ఆయుర్దాయము లేదు. తలయెత్తుకొని, దాచక, తప్పక, నెలనెలయు చెల్లించువానికి పత్రము చింపు దినము తప్పక వచ్చును. ఆ దినము వరకు మీ చేతులకు బలమును, మాటకు నిలకడను శ్రీనివాసుడు అనుగ్రహించుగాక!

స్వస్తి.