కాలేయపు ముక్క తీసి చూచుట అవసరమా?

(భద్రాచలము ప్రాంత సంఘముల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షికోత్సవ సందర్భమున శరీరారోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మమ్ములను కోరినారు. మేము వైద్యులము కాము. అయినను ఖమ్మము మొదలు చర్ల, దుమ్ముగూడెము అడవి పల్లెల వరకు ప్రార్థనకు పోయిన ఇండ్లలో, ఆసుపత్రి కాగితము మా చేతికిచ్చి “అయ్యగారూ, ఒప్పుకొమ్మంటారా?” అని అడుగుచున్నారు. అట్టి ప్రశ్నలలో ఒకటి ఇది: హెపటైటిస్ సి ఉన్నదని తేలినవారికి సూది గుచ్చి కాలేయపు ముక్క తీసి పరీక్షించుట, అనగా బయాప్సీ, అవసరమా?

ముందుగా వ్యాధి సంగతి. ఈ వైరస్‌ను 1989లో గుర్తించిరి. అందుకు కారకులైన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2020లో నోబెల్ బహుమానము లభించినది. ఇది రక్తము ద్వారా వ్యాపించును. ఒకరికి వాడిన సూది మరియొకరికి వాడుట, జాతరలలో ఒకే సూదితో పచ్చబొట్లు పొడుచుట, పరీక్షింపని రక్తము ఎక్కించుట, ఇవి దాని దారులు. సికిల్ సెల్, తలసేమియా వ్యాధుల వలన మరల మరల రక్తము ఎక్కించుకొను పిల్లలకు ఈ పరీక్ష తప్పక చేయించవలెను. అనేకులలో ఏండ్ల తరబడి ఏ బాధయు కనబడదు. లోలోపల మాత్రము కాలేయము మచ్చలుపడి గట్టిపడుచుండును. అది ముదిరిన స్థితినే సిర్రోసిస్ అందురు.

పూర్వము బయాప్సీకి పెద్ద కారణమే ఉండెను. ఆనాటి వైద్యము ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు. 24 వారములో, 48 వారములో పొడిపించుకొనవలెను. జ్వరము, నీరసము, మనోవ్యాకులత కలిగెడివి. అంత బాధపడినను చాలమందికి నయము కాకపోయెను. కావున కాలేయము ఎంత చెడినదో బయాప్సీలో చూచి, వైద్యము ఇప్పుడు ఆరంభించుటయా, ఆగుటయా అని నిర్ణయించెడివారు.

2015 నుండి మన దేశములో సోఫోస్‌బువిర్ మొదలగు మాత్రలు దొరుకుచున్నవి. సాధారణముగా 12 వారములు మింగిన చాలును. నూటికి 90 మందికి పైగా నయమగుచున్నారు. ఆగి చూడవలసిన పని లేనందున, ఆగుటకై చేయు బయాప్సీయు చాలవరకు తొలగిపోయినది. అయితే సిర్రోసిస్ ఉన్నదా లేదా అనునది మాత్రము తెలిసికొనక తప్పదు. దానిని బట్టి మందులు మారును. కొందరిని పెద్ద ఆసుపత్రికి పంపవలసి వచ్చును.

దీనిని తెలిసికొనుటకు మామూలు రక్త పరీక్షతో ఒక లెక్క ఉన్నది. పేరు ఫిబ్-4. వయస్సును ఎ.ఎస్.టి. అంకెతో గుణించి, ప్లేట్‌లెట్ల సంఖ్యను (వేలలో) ఎ.ఎల్.టి. వర్గమూలముతో గుణించి, మొదటి దానిని రెండవ దానితో భాగించవలెను. ఉదాహరణకు 40 ఏండ్లవానికి ఎ.ఎస్.టి. 50, ఎ.ఎల్.టి. 64, ప్లేట్‌లెట్లు రెండున్నర లక్షలు అనుకొందము. 2000ను 2000తో భాగించగా 1 వచ్చును. 1.45కు లోపు గనుక కాలేయము అంతగా గట్టిపడి ఉండదు. 60 ఏండ్లవానికి ఎ.ఎస్.టి. 96, ఎ.ఎల్.టి. 64, ప్లేట్‌లెట్లు 90 వేలైనచో 8 వచ్చును. 3.25 దాటినది గనుక సిర్రోసిస్ ఉన్నట్లు అనుమానింపవలెను. నడుమ అంకె వచ్చినవారికి ఫైబ్రోస్కాన్ అను యంత్రముతో, సూది లేకుండ, కాలేయపు గట్టిదనమును కొలుతురు.

మరి బయాప్సీ ఎన్నడును వద్దా? అట్లనరాదు. ఈ పరీక్షలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు, హెపటైటిస్ సితోపాటు మరియొక కాలేయ వ్యాధి ఉన్నదని అనుమానము కలిగినప్పుడు, గడ్డ ఏదైన కనబడినప్పుడు వైద్యులు కోరవచ్చును. కుడి ప్రక్కన మత్తుమందు వేసి, ప్రక్కటెముకల నడుమ నుండి సన్నని ముక్క తీయుదురు. కొన్ని గంటలు పడుకొనవలెను. కొందరికి నొప్పి కలుగును. అరుదుగా లోపల రక్తస్రావము కావచ్చును. తీసిన ముక్క కాలేయములో సుమారు 50 వేలవ వంతు మాత్రమే గనుక అదియు ఒక్కొక్కసారి పొరబడవచ్చును.

కావున మేము ఇంటివారికి చెప్పు సలహా ఒక్కటే. వైద్యుని మర్యాదగా అడుగుడి: “అయ్యా, ఈ ముక్కలో ఏమి తేలినచో మా వైద్యము మారును?” మారునని ఆయన వివరించినచో భయపడక ఒప్పుకొనుడి. మారదన్నచో, సూది లేని పరీక్ష చాలునా అని అడుగుడి. చర్ల నుండి హైదరాబాదు 300 కిలోమీటర్లకు పైగా దూరము. కూలి పోగొట్టుకొని, మేకలమ్ముకొని పోవువానికి ఈ ప్రశ్న అడుగు హక్కున్నది.

అయితే బయాప్సీ భయముతో మందే మానివేయుట ఘోరము. “సూది పొడుతురట, పసరు మందే మేలు” అని తిరిగి వచ్చినవారిని చూచియున్నాము. 2018 జూలై 28న ఆరంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమము క్రింద పరీక్షలు, మందులు ఉచితము. మాత్రలు ముగిసిన 12 వారములకు మరల రక్త పరీక్ష చేయించవలెను. సిర్రోసిస్ ఉన్నవారు నయమైన పిమ్మటను ఆరు నెలలకొకసారి స్కానింగు మానరాదు. క్యాన్సరు భయము వారికి మిగిలియుండును.

కడపటి మాట సంఘమునకు. ఈ వ్యాధి కలిసి భుజించుట వలన, చేయి కలుపుట వలన, ప్రభువు బల్లయొద్ద ఒకే పాత్రలో త్రాగుట వలన అంటదు. రోగిని వెనుక బెంచీకి నెట్టవద్దు. ఆసుపత్రికి పోవునాడు తోడుగా ఒకరు పోవుడి. ఆ ప్రశ్న అడుగుటకు అతనికి నోరు రానిచో మీరు అడుగుడి. ప్రభువు మనకట్టి మనస్సు దయచేయును గాక.